మతిమరుపు అనుకునే ముందు చెవి చూపించండి: ఒడిశా సరిహద్దు తెలుగు ఇళ్లకు సమగ్ర మార్గదర్శి

పెద్దాయన పిలిస్తే పలకరు. ఒకటి అడిగితే ఇంకొకటి చెబుతారు. పెళ్లికి రమ్మంటే "మీరు వెళ్లిరండి" అంటారు. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగు ఇళ్లలో ఈ మూడూ కలిసి కనిపిస్తే "వయసైంది, మతి తప్పుతోంది" అని తేల్చేస్తారు. కొన్నిసార్లు అది నిజమే కావచ్చు. కానీ ఈ మూడూ చెవుడు లక్షణాలు కూడా. చెవి చూపించకుండా జ్ఞాపకశక్తి గురించి తీర్పు చెప్పడం తొందరపాటు.

చెవుడుకీ మతిమరుపుకీ లంకె ఉందంటారు. అందులో ఏది ఎంతవరకు రుజువైందో ముందే తెలిసి ఉండాలి, ఎందుకంటే ఆ లంకె పేరు చెప్పి వినికిడి మిషన్లు అమ్మేవాళ్లు ఎక్కువయ్యారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక ప్రకారం 60 ఏళ్లు దాటినవాళ్లలో 65 శాతానికి పైగా ఏదో ఒక స్థాయి వినికిడి లోపం ఉంటుంది. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ వైద్యుడు ఫ్రాంక్ లిన్ బృందం 639 మందిని ఏళ్ల తరబడి గమనించి 2011లో ఒక లెక్క చెప్పింది: మామూలుగా వినేవాళ్లతో పోలిస్తే డిమెన్షియా (మతి క్రమంగా తగ్గిపోయే జబ్బు) వచ్చే అవకాశం స్వల్ప లోపం ఉన్నవాళ్లలో సుమారు రెండింతలు, మధ్యస్థ లోపంలో మూడింతలు, తీవ్ర లోపంలో ఐదింతలు. 2024లో లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల కమిషన్, డిమెన్షియాకు దారితీసేవాటిలో మనం మార్చుకోగలిగిన 14 కారణాల జాబితా ఇచ్చింది. ప్రపంచంలోని డిమెన్షియా కేసుల్లో సుమారు 7 శాతాన్ని వినికిడి లోపానికే లెక్కగట్టింది.

అయితే మిషన్ పెడితే మతిమరుపు రాదా? అలా ఎవరూ హామీ ఇవ్వలేరు. 70 నుంచి 84 ఏళ్ల మధ్య ఉన్న 977 మందితో మూడేళ్లు నడిపిన 'అచీవ్' అనే వైద్య ప్రయోగం ఫలితాలు 2023లో వచ్చాయి. అందరినీ కలిపి చూస్తే మిషన్ పెట్టుకున్నవాళ్లకీ పెట్టుకోనివాళ్లకీ బుద్ధి తగ్గుదలలో తేడా లేదు. ముందే ముప్పు ఎక్కువగా ఉన్న గుంపులో మాత్రం తగ్గుదల 48 శాతం నెమ్మదించింది. కాబట్టి మిషన్ కొనేది డిమెన్షియాకు మందుగా కాదు, ఇంట్లో మాట మళ్లీ నడవడానికి. దానివల్ల బుద్ధికి మేలు జరిగితే అది అదనపు లాభం.

చెవికీ మెదడుకీ లంకె ఎలా పడుతుందో కూడా తెలుసుకుంటే కింద చెప్పిన పనులు ఎందుకో అర్థమవుతాయి. సగం సగం వినిపించిన మాటను పూరించుకోవడానికే మెదడు శ్రమంతా పోతే, విన్నది గుర్తుపెట్టుకోవడానికి ఓపిక మిగలదు. శబ్దాలు అందకపోయేకొద్దీ వాటిని పోల్చుకునే అలవాటు మెదడుకు తగ్గుతుంది. వినలేనివాళ్లు మనుషుల్లోంచి తప్పుకుంటారు. ఆ ఒంటరితనం దానంతటదే బుద్ధికి చేటు. ఇక బీపీ, షుగర్ లాంటివి చెవినీ మెదడునీ రెండింటినీ ఒకేసారి దెబ్బతీయవచ్చు.

1. ఇంట్లో గమనించాల్సినవి

వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేవి సన్నని శబ్దాలు. లోపలి చెవిలో సన్నని స్వరాలను పట్టే కణాలు ముందు దెబ్బతింటాయి, అవి మళ్లీ పుట్టవు. అచ్చులు గట్టిగానే వినిపిస్తాయి. స, శ, చ, త, క, ప లాంటి హల్లులు జారిపోతాయి. అందుకే "వినిపిస్తోంది గానీ అర్థం కావడం లేదు" అంటారు. పాలు, కాలు, చాలు వాళ్లకు ఒకటే. పప్పు, కప్పు, తప్పు కూడా అంతే. మగవాళ్ల గొంతు కన్నా మనవరాలి సన్నని గొంతు ముందు దూరమవుతుంది. మామూలుగా మాట్లాడితే "వినబడలేదు", కాస్త పెంచితే "అరుస్తావేం?" అంటారు. అది చాదస్తం కాదు. దెబ్బతిన్న చెవికి చిన్న శబ్దం అందదు, పెద్ద శబ్దం భరించరానిదవుతుంది.

రెండు భాషల ఊళ్లలో ఇంకో గుర్తు ఉంది. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడే మనిషి ముందు ఒడియాలో తడబడతారు. పుట్టుకతో వచ్చిన భాషలో జారిపోయిన అక్షరాన్ని మెదడు ఊహించి పూరిస్తుంది. తర్వాత నేర్చుకున్న భాషలో, అదీ గోల మధ్య, ఆ పని కష్టం. రేషన్ షాపుకి, బ్యాంకుకి వెళ్లడం మానేసి కొడుకుని పంపుతున్నారంటే కాళ్ల నొప్పులే కారణమని అనుకోకండి.

ఇంట్లో చేయగల పరీక్ష ఒకటి ఉంది. ఫ్యాను, టీవీ ఆపండి. పెద్దవాళ్ల వెనక చేతి దూరంలో, అంటే సుమారు 60 సెంటీమీటర్ల దూరంలో నిలబడండి, పెదాలు కనిపించకూడదు. పరీక్షించని చెవి రంధ్రం ముందున్న చిన్న మెత్తటి తమ్మెను వేలితో నొక్కి మెల్లగా రుద్దుతూ ఉండమనండి. ఊపిరి పూర్తిగా వదిలాక గుసగుసగా మూడు చెప్పండి: నాలుగు, క, ఏడు. మూడూ సరిగ్గా తిరిగి చెబితే ఆ చెవికి సరిపోయింది. తప్పితే వేరే మూడు చెప్పండి. మొత్తం ఆరింటిలో కనీసం మూడైనా సరిగ్గా చెప్పలేకపోతే ఆసుపత్రి పరీక్ష అవసరం. రెండో చెవికి కొత్త అక్షరాలు వాడండి. గుసగుస అంటే గొంతు కలవని గాలి మాట. చాలామంది ఇక్కడే పొరపడి, నెమ్మదిగా మాట్లాడి "బాగానే వినిపిస్తోంది" అనేస్తారు.

2. ఆగకూడని సందర్భాలు

మూడు రోజుల్లోపు ఒక్కసారిగా వినికిడి పడిపోతే అది అత్యవసరం. గులిమి అనుకుని నూనె పోస్తూ కూర్చుంటే నష్టం. స్టెరాయిడ్ చికిత్స మొదటి రోజుల్లో పడితేనే ఫలితం, రెండు వారాలు దాటితే ఆశ బాగా తగ్గుతుంది. ఒక్క చెవిలోనే చెవుడు లేదా హోరు, చీము, నెత్తురు, నొప్పి, తల తిరగడం, ముఖం ఒకపక్కకి వాలడం ఉన్నా మిషన్ల దుకాణానికి కాదు, ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

మందుల జాబితా కూడా రాసి పట్టుకెళ్లండి. అమికాసిన్, జెంటామైసిన్, స్ట్రెప్టోమైసిన్ ఇంజక్షన్లు, క్యాన్సర్‌కి వాడే సిస్‌ప్లాటిన్, ఎక్కువ మోతాదు ఫ్యూరోసెమైడ్ చెవిని దెబ్బతీయగలవు. కోరాపుట్, మల్కన్‌గిరి, రాయగడ వైపు మలేరియా పాత కథ కాదు కాబట్టి క్వినైన్ గురించి విడిగా చెప్పాలి. దానివల్ల హోరు, చెవుడు వస్తాయి, మందు ఆపాక చాలావరకు తగ్గుతాయి. అంతమాత్రాన డాక్టరును అడగకుండా మందు మానేయకూడదు.

3. ముందు గులిమి తీయించండి

చవకగా పోయే చెవుడు ఇదొక్కటే. పెద్దవాళ్లలో గులిమి గట్టిపడి గొట్టాన్ని పూర్తిగా మూసేస్తుంది. పిన్నీసు, అగ్గిపుల్ల, దూది పుల్ల అన్నీ దాన్ని లోపలికి నెట్టేవే. వేడి నూనె పోయడం ఇంకా ప్రమాదం, కర్ణభేరి కాలుతుంది. మెత్తబరిచే చుక్కల మందు డాక్టరు చెప్పినట్టు మూడు నుంచి ఐదు రోజులు వేసి, తర్వాత ఆసుపత్రిలో తీయించండి. చిన్నప్పటినుంచి చెవి కారే అలవాటున్నవాళ్లకి కర్ణభేరికి చిల్లు ఉండవచ్చు. చూపించకుండా చుక్కలు గానీ నీళ్లు గానీ పోయకూడదు. నీటితో కడిగేటప్పుడు ఆ నీరు ఒంటి వేడికి సమానంగా ఉండాలి, చల్లగా ఉంటే కళ్లు తిరుగుతాయి. గులిమి తీశాకే వినికిడి పరీక్ష చేయించాలి. ముందు చేయిస్తే లెక్క తప్పుతుంది.

4. పరీక్ష తెలుగులో జరగాలి

బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, కోరాపుట్ సహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ, జిల్లా ముఖ్య ఆసుపత్రులు ఈ ప్రాంతానికి దగ్గరి ప్రభుత్వ దారులు. పర్లాకిమిడివాళ్లకి పాతపట్నం మీదుగా శ్రీకాకుళం, రాయగడవాళ్లకి పార్వతీపురం మీదుగా విశాఖపట్నం అలవాటైన దారులే. బయలుదేరే ముందు ఆడియాలజిస్టు (వినికిడి పరీక్ష చేసే నిపుణులు) ఏ రోజు ఉంటారో కనుక్కోండి. ఈఎన్‌టీ డాక్టరు ఉన్నంత మాత్రాన ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష, జరుగుతుందని అనుకోవద్దు. ముందు రోజు డీజే, జనరేటరు, రైసుమిల్లు లాంటి గోలకు దూరంగా ఉంచండి.

పరీక్షలో రెండు భాగాలుంటాయి. మొదటిది శబ్దాల పరీక్ష: 250 నుంచి 8000 హెర్ట్జ్ వరకు ఒక్కో స్వరం ఎంత చిన్నగా వినిపిస్తుందో చూస్తారు. దీనికి భాషతో పని లేదు, కానీ ఎలా స్పందించాలో చెప్పే మాటకు పని ఉంది. "ఎంత సన్నగా వినిపించినా, అనుమానంగా ఉన్నా వేలెత్తండి" అని పెద్దవాళ్లకు తెలుగులో నచ్చజెప్పాలి. స్పష్టంగా వినిపించేదాకా ఆగితే ఉన్నదానికన్నా ఎక్కువ చెవుడు నమోదవుతుంది.

రెండోది మాటల పరీక్ష. ఇక్కడే సరిహద్దు జిల్లాల్లో దెబ్బ తగులుతుంది. ఒడియా మాటల జాబితా చదివి తిరిగి చెప్పమంటే, తెలుగు మనిషి 20 మాటల్లో 9 చెబుతారు. మార్కు 45 శాతం అని రాస్తారు. ఆ కాగితం చూసినవాళ్లు "మిషన్ పెట్టినా లాభం లేదు" అంటారు. అందులో చెవి వాటా ఎంతో, భాష వాటా ఎంతో ఎవరికీ తెలియదు. తెలుగు మాటల జాబితాలు ఉన్నాయి. "మాటల పరీక్ష తెలుగులో చేస్తారా?" అని ముందే అడగండి. కుదరకపోతే శబ్దాల పరీక్ష ఇక్కడ చేయించి, మాటల పరీక్షకు మాత్రం శ్రీకాకుళం గానీ విశాఖ గానీ వెళ్లండి. బడి చదువంతా ఒడియాలో సాగి, జీవితమంతా ఒడియాలో పనిచేసినవాళ్లకు మాత్రం ఒడియా జాబితానే సరైనది కావచ్చు. ఏ భాషలో తేలిగ్గా ఉంటుందో వాళ్లనే అడగండి.

5. కాగితం చదవడం

ఆడియోగ్రామ్‌లో, అంటే పరీక్ష ఫలితం గీసి ఇచ్చే కాగితంలో, ఎర్ర సున్నాలు కుడి చెవి, నీలి ఇంటూ గుర్తులు ఎడమ చెవి. గీత కిందికి దిగేకొద్దీ చెవుడు ఎక్కువ. 500, 1000, 2000, 4000 హెర్ట్జ్‌ల దగ్గర అంకెలు కూడి నాలుగుతో భాగించండి. ఉదాహరణకు 40, 45, 55, 70 అయితే మొత్తం 210, సగటు 52.5 డెసిబెల్స్ (శబ్దం ఎంత పెద్దదో చెప్పే కొలత). ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత మంచి చెవికి ఇలా ఉంటుంది: 20 లోపు మామూలు, 20 నుంచి 35 లోపు స్వల్పం, 50 లోపు మధ్యస్థం, 65 లోపు ఒక మోస్తరు తీవ్రం, 80 లోపు తీవ్రం, 95 లోపు అతి తీవ్రం. మన ఉదాహరణ 'ఒక మోస్తరు తీవ్రం' మెట్టులో పడింది.

రెండు ప్రశ్నలు అడగండి. ఎముక ద్వారా విన్న గీతకూ గాలి ద్వారా విన్న గీతకూ మధ్య ఎడం ఉందా? ఉంటే లోపం బయటి చెవిలోనో మధ్య చెవిలోనో ఉంది, మందుకో ఆపరేషనుకో లొంగవచ్చు. కుడి ఎడమల మధ్య తేడా ఎక్కువ ఉందా? ఉంటే దానికి వేరే కారణం వెతకాలి, ఎంఆర్‌ఐ అవసరం పడవచ్చు.

6. మిషన్ ఎంపిక, డబ్బు

రెండు చెవులూ తగ్గితే రెండింటికీ పెట్టడం మేలు. శబ్దం ఏ వైపు నుంచి వస్తోందో తెలియడానికీ, గోలలో మాట ఏరుకోవడానికీ రెండూ కావాలి. డబ్బు ఒక్కదానికే ఉంటే ఏ చెవికి పెట్టాలో మాటల పరీక్ష మార్కు చూసి ఆడియాలజిస్టు చెప్పాలి.

చెవి లోపల దాక్కునే చిన్న మిషన్ అందంగా కనిపిస్తుంది, కానీ వణికే వేళ్లకూ మసకబారిన చూపుకూ అది పనికిరాదు. దాని బ్యాటరీ చిన్నది, త్వరగా అయిపోతుంది, పట్టుకోవడమే కష్టం. డెబ్బై దాటినవాళ్లకి చెవి వెనక పెట్టేదే నయం. బ్యాటరీ రకం స్టిక్కరు రంగుతో గుర్తుపట్టవచ్చు: 10 పసుపు, 312 గోధుమ, 13 నారింజ, 675 నీలం. రోజంతా వాడితే 312 మూడు నుంచి పది రోజులు, 13 ఆరు నుంచి పద్నాలుగు రోజులు, 675 తొమ్మిది నుంచి ఇరవై రోజులు వస్తాయి. చార్జింగ్ మిషన్‌తో బ్యాటరీ మార్చే బాధ ఉండదు. తుపానుకు రెండు రోజులు కరెంటు పోయే ఊళ్లలో మాత్రం పవర్ బ్యాంకుతో చార్జ్ అవుతుందో లేదో ముందే అడగండి. కొండ మీది ఊళ్లలో బ్యాటరీలు దొరకవు, రెండు నెలలకు సరిపడా తెచ్చుకోవాలి.

ఆన్‌లైన్లో, సంతలో ఐదారు వందలకి దొరికేది వినికిడి మిషన్ కాదు, శబ్దం పెంచే డబ్బా. అది ఫ్యాను మోతనీ లారీ మోతనీ మాటతో సమానంగా పెంచుతుంది. పోయినవి సన్నని శబ్దాలైతే మోటు శబ్దాలు పెంచి లాభమేమిటి? పెద్దవాళ్లు రెండు రోజులు పెట్టుకుని బీరువాలో పడేస్తారు, ఆ తర్వాత అసలైన మిషన్ అన్నా నమ్మరు. ఈ చవక డబ్బా చేసే పెద్ద నష్టం అదే.

కొనేటప్పుడు మీ ఆడియోగ్రామ్ ప్రకారం కంప్యూటరుకు కలిపి సరిచేశారా, ఇంట్లో కొన్నాళ్లు పెట్టి చూసే వెసులుబాటు ఉందా, తర్వాత మార్పులకు విడిగా డబ్బు తీసుకుంటారా అనేవి రాతలో అడగండి. వినికిడి మిషన్ల మీద జీఎస్టీ లేదు. బిల్లులో వేస్తే ప్రశ్నించండి. ధరలు వేలల్లో మొదలై లక్ష దాటతాయి. ఎక్కువ సమయం ఇంట్లో, ఒకరిద్దరితో మాట్లాడే మనిషికి ఖరీదైన ఫీచర్ల వల్ల ఒరిగేది తక్కువ. ఆ డబ్బు రెండో చెవికి పెట్టడం తెలివి.

సర్కారు దారులు రెండు. 60 దాటిన పేదలకి రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద శిబిరాల్లో కేంద్ర ప్రభుత్వ సంస్థ అలింకో తయారుచేసిన మిషన్లు ఇస్తారు. ఈ పథకం 2017లో నెల్లూరులో మొదలైంది. రెండోది వికలాంగులకు సహాయ పరికరాలిచ్చే కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం, దానికి 40 శాతం వైకల్య ధ్రువపత్రం, ఆదాయ పత్రం కావాలి. ధ్రువపత్రానికి స్వావలంబన్ వెబ్‌సైటులో యూడీఐడీ (వైకల్య గుర్తింపు కార్డు) దరఖాస్తు పెట్టి, ఆధార్ చిరునామా ఉన్న జిల్లా ఆసుపత్రి బోర్డు ముందు హాజరు కావాలి. ఒడిశా చిరునామా ఉన్నవాళ్లు శ్రీకాకుళంలో ప్రయత్నించి తిరగకండి. ఒడిశా ప్రభుత్వం బ్లాకుల్లో పెట్టే భీమ భోయి భిన్నక్షమ (వికలాంగుల) శిబిరాల్లో ఈ పని ఒకేచోట జరుగుతుంది, తేదీలు పంచాయతీ ఆఫీసులో అడగాలి. ఒక సంగతి ముందే తెలియాలి: 2016 వికలాంగుల హక్కుల చట్టం లెక్కలో రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ దాటితేనే వినికిడి వైకల్యం. మన ఉదాహరణలోని 52.5 మనిషి ఇంట్లో సగం మాటలు కోల్పోతున్నా కార్డుకు అర్హుడు కాడు. అలాంటివాళ్లకి వయోశ్రీ శిబిరమే దారి.

7. మొదటి నెల

మిషన్లు బీరువా చేరేది ఈ నెలలోనే. కొత్తగా పెట్టుకోగానే తన గొంతు కుండలోంచి వస్తున్నట్టు ఉంటుంది. గిన్నెల చప్పుడు, కాగితం చప్పుడు గుచ్చుకుంటాయి. ఏళ్లుగా ఆ శబ్దాలు లేని మెదడుకు అలవాటు కావాలి.

మొదటి వారం రోజుకి గంట, రెండు గంటలు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఒక్కరితో మాట. రెండో వారం నాలుగు గంటలు, ఇద్దరు ముగ్గురితో, కాసేపు టీవీ. మూడో వారం ఆరు గంటలు, అరుగు మీద, వీధిలో. నాలుగో వారం నుంచి లేచింది మొదలు పడుకునేదాకా. బజారు, భజన, చిన్న పేరంటం. ఒకేసారి పెళ్లికి పెట్టుకెళ్తే ఆ రోజే విసిరేస్తారు. "పెళ్లికి మాత్రం పెట్టుకుంటాను" అనేవాళ్లకు అది ఎన్నటికీ అలవాటు కాదు, ఎందుకంటే ఏ మిషన్‌కైనా పెళ్లిపందిరే అన్నిటికన్నా కష్టమైన చోటు.

ఏ శబ్దం ఇబ్బంది పెట్టిందో చిన్న పుస్తకంలో రాయండి: "కుక్కర్ ఈల గుచ్చింది", "మనవరాలి మాట అందలేదు", "నమిలితే గరగర". నెలాఖరుకు ఆ పుస్తకం పట్టుకెళ్తే ఆడియాలజిస్టు సరిగ్గా అక్కడే మారుస్తారు. "బాగాలేదు" అని మాత్రమే చెబితే వాళ్లేమీ చేయలేరు. డిజిటల్ మిషన్లలో రోజుకి ఎన్ని గంటలు వాడారో లెక్క నిలిచి ఉంటుంది, దాన్ని కూడా చూపించమనండి.

8. తేమ, చెమట, నూనె

గంజాం తీరం ఉక్కపోత మిషన్లకు శత్రువు. రాత్రి తీసి, బ్యాటరీ తలుపు తెరిచి, తేమ పీల్చే సిలికా జెల్ గుళికలున్న డబ్బాలో పెట్టండి; నీలం గుళికలు గులాబీ రంగుకి తిరిగితే మార్చాలి. తలకు నూనె రాసే ముందు, స్నానానికి ముందు తీసేయాలి. నూనె ఆరాకే పెట్టుకోవాలి. తుడవడం పొద్దున్నే మేలు, రాత్రంతా ఆరిన గులిమి పొడిగా రాలుతుంది. చెవి రంధ్రంలో కూర్చునే అచ్చును (ఇయర్ మౌల్డును) వారానికోసారి మిషన్ నుంచి విడదీసి గోరువెచ్చని సబ్బునీళ్లలో కడిగి, దాన్ని మిషన్‌కి కలిపే గొట్టంలో నీటి చుక్క లేకుండా గాలి బుడ్డితో ఊదండి. ఆ ఒక్క చుక్క చాలు శబ్దం ఆగిపోవడానికి.

ఈల వేస్తుంటే అచ్చు సరిగ్గా కూర్చోలేదు, లేదా చెవిలో గులిమి ఉంది, లేదా గొట్టం పగిలింది. మూడు నుంచి ఆరు నెలలకు గొట్టం గట్టిపడుతుంది, మార్పించాలి. అసలు పలకకపోతే బ్యాటరీ, దాని ప్లస్ వైపు, శబ్దం వచ్చే రంధ్రంలో గులిమి, ఈ మూడూ వరసగా చూడండి. కొత్త బ్యాటరీ స్టిక్కరు తీశాక ఒక నిమిషం గాలి తగలనిచ్చి వేయాలి. ఒకసారి తీసిన స్టిక్కరు మళ్లీ అంటించినా లాభం లేదు. పసిపిల్లలు బ్యాటరీ మింగితే ఇంట్లో వైద్యాలు చేయకుండా వెంటనే ఆసుపత్రికి.

9. మాట్లాడే పద్ధతి

మిషన్ ఎంత మంచిదైనా పక్కగదిలోంచి అరిచే కోడలి మాటను అందించలేదు. ఇంట్లోవాళ్లు మారకుండా పెద్దవాళ్లనే మారమంటే కుదరదు.

పలకరింపుతో మొదలుపెట్టండి. "తాతా" అని పిలిచి, భుజం తాకి, మొహం తిప్పాక మాట మొదలవ్వాలి. మూడు నుంచి ఐదు అడుగుల దూరం. వెలుగు మీ మొహం మీద పడాలి. కిటికీకి వీపు పెట్టి నిలబడితే మీ పెదాలు నల్లగా కనిపిస్తాయి. నోట్లో కిళ్లీ, మొహం మీద చెయ్యి, చేతిలో ఫోను వద్దు.

గొంతు పెంచకండి, వేగం తగ్గించండి. అరిస్తే పెరిగేవి అచ్చులే, హల్లులు పెరగవు. పైగా అరిచే మొహం కోపంగా కనిపిస్తుంది.

మన వాక్యంలో ముఖ్యమైన సంగతి చివర ఉంటుంది, గొంతు కూడా చివరే పడిపోతుంది. "రేపు డాక్టరు వస్తారు", "రేపు డాక్టరు రారు" మధ్య తేడా అంతా ఆ తోకలోనే ఉంది. కాబట్టి క్రియాపదాన్ని మింగకండి. కాదు, లేదు, వద్దు అనేవాటికి చెయ్యి ఊపి చూపించండి. విషయం ముందు చెప్పండి: "పింఛను సంగతి. రేపు వెళ్దాం. పొద్దున్న తొమ్మిదికి." సంగతేమిటో తెలిస్తే మిగతా మాటలు ఊహకు అందుతాయి.

రెండుసార్లు చెప్పినా అందకపోతే అదే మాట మూడోసారి చెప్పకండి, మాట మార్చండి. "పప్పు తెచ్చావా" అందకపోతే "కందిపప్పు కిలో కొన్నావా". అంకెలు, తేదీలు, మందు మోతాదులు రాసి చూపించండి. ఏ లిపిలో రాయాలో చూసుకోండి: ఇక్కడ తెలుగు మాట్లాడే పెద్దల్లో చాలామంది చదివింది ఒడియా బడిలోనే.

ఒక వాక్యంలో ఒకే భాష వాడండి. ఒడియా బడిలో చదివే మనవలు తెలుగు వాక్యం మధ్యలో ఒడియా మాట, ఇంగ్లీషు మాట దొర్లిస్తారు. బాగా వినేవాళ్లకి అది సహజం. సగం వినేవాళ్లకి, ఏ భాష నుంచి మాట వెతుక్కోవాలో తెలియక వాక్యమంతా పోతుంది. భాష మార్చాల్సి వస్తే ఆగి మార్చండి.

"ఏం లేదులే" అనే మాట ఇంట్లో నిషేధించండి. నవ్విన జోకు మళ్లీ చెప్పమని అడిగిన మనిషికి ఆ జవాబు రెండుసార్లు వస్తే మూడోసారి అడగరు, తలాడించి ఊరుకుంటారు. ఆ తలాడింపును అర్థమైనట్టు లెక్కేయకండి. "వినిపించిందా?" అని అడిగితే అందరూ అవుననే అంటారు. "ఎన్నింటికి వెళ్దామన్నాను?" అని అడగండి.

పెద్దవాళ్లు నేర్చుకోవాల్సింది కూడా ఉంది. "ఏంటీ?" అనడం మాని, అందినంత చెప్పి అందనిది అడగాలి: "ఎవరో వస్తారన్నావు, ఎవరు?" కొత్తవాళ్లతో ముందే "నా కుడి వైపు నుంచి నెమ్మదిగా మాట్లాడండి" అని చెప్పేయాలి. చెవుడు దాచుకోవడానికి పడే శ్రమ, చెప్పుకోవడానికి పడే సిగ్గు కన్నా ఎక్కువ.

రోజులో రెండుసార్లు, పావుగంట చొప్పున, టీవీ లేకుండా ఒక్కరు కూర్చుని మాట్లాడే వేళ పెట్టుకోండి. భోజనాల వేళ దీనికి పనికిరాదు, స్టీలు కంచాల మోతలో మాట పోతుంది.

10. గడప దాటితే

పేరంటాల్లో గోడకి వీపు ఆనేలా, మూలలో కూర్చోబెట్టండి. వెనక నుంచి గోల రాదు. స్పీకరు బాక్సుకి దూరంగా, పక్కన ఒకే ఒక్క మనిషి. బరంపురం ఠాకురాణి యాత్ర లాంటి వేడుకల్లో, డీజే ఊరేగింపుల్లో మిగిలిన వినికిడిని కాపాడుకోవాలి: ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ వారానికి 40 గంటలు భరించవచ్చు, 100 డెసిబెల్స్ అయితే వారానికి 20 నిమిషాలే. పింఛను, బ్యాంకు పనుల్లో పేరు పిలిచే చోట ముందే కౌంటర్‌లో చెప్పి ఎదురుగా కూర్చోవాలి.

ఫోనును చెవి రంధ్రం దగ్గర కాదు, చెవి వెనక ఉన్న మిషన్ మైకు దగ్గర పెట్టాలి. దూరాన ఉన్న కొడుకులు మామూలు కాల్ కన్నా వీడియో కాల్ చేస్తే పెదాలు కనిపిస్తాయి. వాట్సాప్ వాయిస్ మెసేజ్ మళ్లీ మళ్లీ వినే వీలు ఉంది కాబట్టి అది కూడా మంచిదే.

11. జ్ఞాపకశక్తి సంగతి ఎప్పుడు చూడాలి

చెవుడు మనిషి అడిగినదానికి తప్పు జవాబిస్తారు, రాసి చూపిస్తే సరైన జవాబిస్తారు. జ్ఞాపకం తగ్గిన మనిషి విని, సరిగ్గా జవాబిచ్చి, పది నిమిషాలకు అదే ప్రశ్న మళ్లీ అడుగుతారు. తెలిసిన వీధిలో దారి తప్పడం, చిల్లర లెక్క తేలకపోవడం, నలభై ఏళ్లుగా చేసిన పులుసు ఎలా చేయాలో తెలియకపోవడం చెవి వల్ల రావు. రెండూ కలిసి ఉండటమూ మామూలే.

డాక్టరు మూడు మాటలు చెప్పి కాసేపటికి అడిగే పరీక్ష చేస్తారు. ఆ మాటలు అసలు వినిపించకపోతే మార్కులు పోవడానికి కారణం మెదడు కాదు. మిషన్ పెట్టుకునే వెళ్లాలి, కళ్లద్దాలు కూడా. మిషన్ లేకపోతే ఒక ఉపాయం: స్టెతస్కోపు పెద్దవాళ్ల చెవులకు పెట్టి, గుండ్రని బిళ్ల దగ్గర డాక్టరు మెల్లగా మాట్లాడటం. మామూలు గొంతే చాలు. జ్ఞాపకశక్తిని, బుద్ధిని చూసే మోకా అనే పరీక్షకు తెలుగు రూపం ఉంది. చదివే అంశాలకు ఏ లిపి వాడాలో ముందే చెప్పండి. బి12, థైరాయిడ్ రక్తపరీక్షలు, దిగులు లక్షణాలు కూడా చూడమనండి. ఇవి చికిత్సకు లొంగే కారణాలు.

రెండు భాషలు పట్టి ఉంచుకోవడం కూడా పనికొచ్చేదే. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకటి కన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లకి జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది, చదువు లేనివాళ్లలో కూడా. పొరుగింటి ఒడియా ముసలమ్మతో సాయంత్రం కబుర్లు ఆగిపోతే మళ్లీ మొదలుపెట్టించడానికి ఇదొక కారణం.

డిమెన్షియా ఖాయమైనవాళ్లకి కూడా మిషన్ పెట్టవచ్చు. పెట్టడం, తీయడం ఇంట్లోవాళ్లు చేయాలి, రోజూ ఒకే వేళకి, మొహం కడిగిన వెంటనే. మిషన్‌కి సన్నని తాడు కట్టి చొక్కాకి పిన్ను పెడితే పోదు. పీకేస్తుంటే బలవంతం చేయకండి; ముందు చెవిలో పుండు, గులిమి, శబ్దం ఎక్కువగా ఉండటం చూడండి. అరగంట ఆగి మళ్లీ పెట్టండి.

నిన్నటిదాకా బాగున్న మనిషి గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో గందరగోళపడితే అది చెవుడూ కాదు, డిమెన్షియా కూడా కాకపోవచ్చు. మూత్రంలో ఇన్ఫెక్షన్, జ్వరం, సోడియం తగ్గడం, షుగర్ పడిపోవడం, కొత్త మందు, పక్షవాతం, ఏదైనా కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మిగతావాళ్లకి మిషన్ పెట్టిన నెల తర్వాత ఒకసారి, ఆపైన ఆరు నెలలకొకసారి సరిచూపించి, ఆడియోగ్రామ్ ఏడాదికోసారి కొత్తగా తీయించాలి. పాత కాగితాలు పారేయకండి, తగ్గుదల ఎంత వేగంగా ఉందో వాటిని పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది.